రొట్టె అడిగిన వారికి రాయి

బైబిలులో సుమారు 31 వేల వచనాలున్నాయి. అందులో స్వలింగ సంబంధాల ప్రస్తావన ఉందని చూపించే చోట్లు లెక్కపెడితే ఆరో, ఏడో. మిగతా వేల వచనాలలో నాలుగు కూడా సరిగా అప్పజెప్పలేని వారికి ఈ ఆరేడు మాత్రం నోటికి వస్తాయి. కారణం ఏమిటంటే, ఈ వచనాలను చాలామంది చదువుకోవడానికి కాక విసరడానికి నేర్చుకున్నారు.

మిత్రులారా! ఇది వేదాంత గ్రంథం కాదు. నేను వేదాంత పండితుణ్ణీ కాను. సండే స్కూల్లో వచనాలు అప్పజెప్పి బహుమతులు తెచ్చుకున్నవాణ్ణి, అంతే. కాని ఆ ఆరేడు వచనాలను ముందూ వెనకా ఉన్న వాటితో కలిపి చదివితే ఏం కనిపిస్తుందో మీ ముందుంచాలని ఈ వ్యాసం వ్రాస్తున్నాను. బైబిలును నమ్మని వారు కూడా దీనిని చదవవచ్చు. ఒక పుస్తకంలో ఉన్నదేమిటి, దాని పేరు చెప్పి మనుషులు చేస్తున్నదేమిటి అన్న ప్రశ్న అందరిదీ.

ముందు ఒక మాట. ఎల్‌జీబీటీ అనే అక్షరాలు ఈ రోజుల్లో పత్రికల్లో తరచు కనబడుతున్నాయి. స్త్రీని ప్రేమించే స్త్రీ, పురుషుణ్ణి ప్రేమించే పురుషుడు, ఇద్దరినీ ప్రేమించగలవారు, పుట్టినప్పుడు కాగితం మీద వ్రాసిన లింగం తమది కాదని ఎరిగిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు, వీరందరినీ కలిపి చెప్పే పేరు అది. వీరిలో దేవుణ్ణి నమ్మనివారున్నట్లే నమ్మేవారూ ఉన్నారు. గుడిలో క్వయిర్‌లో పాడేవారున్నారు, ఉపవాస ప్రార్థనలకు వెళ్లేవారున్నారు, తలగడ కింద బైబిలు పెట్టుకుని పడుకునేవారున్నారు. బయటివాడు విసిరిన రాయి కంటే ఇంట్లోవాడు విసిరిన రాయి ఎక్కువ బాధిస్తుంది. ఆ పుస్తకం వారిది కూడా కాబట్టే దానితో కొట్టిన దెబ్బ వారికి లోతుగా తగులుతుంది.

సొదొమ చేసిన పాపం ఏమిటి?

మొదట అందరూ ఎత్తుకునేది సొదొమ పట్టణం సంగతి. ఆదికాండం 19వ అధ్యాయం తీసి చూడండి. ఇద్దరు పరదేశులు సాయంకాలం ఊళ్లోకి వచ్చారు. లోతు వారిని తన ఇంటికి తీసుకుపోయి భోజనం పెట్టాడు. రాత్రి ఊరి మగవాళ్లందరూ, పిల్లలూ ముసలివాళ్లూ అనే తేడా లేకుండా, ఇల్లు చుట్టుముట్టి, ఆ అతిథులను చెరచడానికి బయటికి పంపమన్నారు. ఇది గుంపుగా వచ్చి పరాయివారి మీద చేయబోయిన అత్యాచారం. ఇద్దరు మనుషుల మధ్య ప్రేమకూ దీనికీ సంబంధం ఏమిటి? పైగా లోతు తన ఇద్దరు కూతుళ్లను ఆ గుంపుకు అప్పగిస్తానన్నాడు. ఆ మాట మీద ఏ బోధకుడూ ప్రసంగం చేయగా నేను వినలేదు.

న్యాయాధిపతుల గ్రంథం 19వ అధ్యాయంలో అచ్చంగా ఇటువంటి కథే గిబియా అనే ఊళ్లో జరుగుతుంది. అక్కడ గుంపు చేతిలో పడి ఒక స్త్రీ తెల్లవారేసరికి ప్రాణం విడుస్తుంది. అది చదివి స్త్రీ పురుషుల కలయికే పాపం అని ఎవరైనా తీర్మానించారా? లేదు. అత్యాచారం పాపం అన్నారు. సొదొమకు వచ్చేసరికి మాత్రం లెక్క మారిపోతుంది.

సొదొమ దోషం ఏమిటో బైబిలే మరోచోట చెబుతుంది. యెహెజ్కేలు 16వ అధ్యాయం 49వ వచనం చూడండి. గర్వం, కడుపునిండా తిండి, సుఖంగా కూర్చోవడం, ఇన్ని ఉండి కూడా పేదలకూ దిక్కులేనివారికీ చేయి అందించకపోవడం, ఇదీ ప్రవక్త చెప్పిన జాబితా. తరువాతి వచనంలో వారు హేయక్రియలు చేశారని కూడా అంటాడు, కాని మొదట పెట్టింది మాత్రం పేదవాడి ఆకలినే. యేసు కూడా సొదొమను తలచుకున్నది తన శిష్యులను చేర్చుకోని ఊళ్ల గురించి చెప్పేటప్పుడు. యూదా పత్రిక సొదొమను కామంతో ముడిపెడుతుంది, నిజమే. కాని అక్కడి గ్రీకు మాటకు అర్థం 'వేరే శరీరం' అని. వచ్చినవారు దేవదూతలన్న సంగతి మరచిపోకూడదు.

రొయ్యలూ, టెరికాటన్ చొక్కాలూ

రెండవది లేవీయకాండం. 18వ అధ్యాయంలో ఒకటి, 20వ అధ్యాయంలో ఒకటి, రెండు వచనాలు. పురుషుడు పురుషునితో శయనించడం 'హేయము' అని మొదటిది, దానికి మరణశిక్ష అని రెండవది. మాట స్పష్టంగానే ఉంది, కాదనను. కాని అదే ధర్మశాస్త్రం ఇంకా ఏమేమి చెబుతున్నదో కూడా చూడాలి కదా!

ద్వితీయోపదేశకాండం 14వ అధ్యాయం 'హేయమైనది' తినవద్దని మొదలవుతుంది. హెబ్రీ భాషలో రెండు చోట్లా ఉన్నది ఒకే మాట. ఆ తరువాత వచ్చే నిషిద్ధాల జాబితాలో పంది మాంసం ఉంది, రెక్కలూ పొలుసులూ లేని నీటి జీవులన్నీ ఉన్నాయి. అంటే రొయ్యలూ పీతలూ అన్నమాట! భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల మీద బతికే క్రైస్తవ కుటుంబాలు ఎన్ని లేవు? క్రిస్మస్ నాడు రొయ్యల ఇగురు వండుకున్నందుకు వారిని సంఘం నుంచి వెలివేసిన పాస్టరుగారు ఎవరైనా ఉన్నారా?

ఇంకొకటి. నీవలె నీ పొరుగువానిని ప్రేమించమన్న గొప్ప ఆజ్ఞ లేవీయకాండం 19వ అధ్యాయం 18వ వచనంలో ఉంది. దాని వెంటనే 19వ వచనం రెండు రకాల నూలు కలిపి నేసిన బట్ట కట్టుకోవద్దంటుంది. టెరికాటన్ చొక్కా తొడుక్కుని వేదిక ఎక్కి లేవీయకాండం బోధించే పెద్దలు ఈ వచనం మీద ఏమంటారు? అప్పు మీద వడ్డీ తీసుకోవద్దని 25వ అధ్యాయంలో ఉంది. వడ్డీ వ్యాపారం చేసే సంఘ పెద్ద ముందు వరుసలో కూర్చుంటాడు. అతని కానుక కవరు బరువుగా ఉంటుంది కూడా.

"అవి ఆచార సంబంధమైనవి, ఇది నీతి సంబంధమైనది" అంటారు. ఆ వాదం చాలా పాతది, దాన్ని తీసిపారేయను. కాని లేవీయకాండం తన ఆజ్ఞలకు ఇది ఆచారం, ఇది నీతి అని చీటీలు అతికించలేదు. ఆ చీటీలు అతికించింది మనం. అతికించేటప్పుడు మన వడ్డీకి ఒక చీటీ, ఎదుటివాడి ప్రేమకు ఇంకొక చీటీ పడుతున్నాయంటే, ఆ చెయ్యి ఎవరిదో కాస్త చూసుకోవద్దా?

ఒక విద్యార్థి ఉత్తరం

ఇక కొత్త నిబంధన. పౌలు కొరింథులోని సంఘానికి వ్రాసిన మొదటి ఉత్తరం, అంటే మన బైబిలు భాషలో 'మొదటి పత్రిక'. దాని 6వ అధ్యాయం 9, 10 వచనాలలో దేవుని రాజ్యానికి వారసులు కానివారి జాబితా ఉంది. అందులో పక్కపక్కన రెండు గ్రీకు మాటలు వస్తాయి. ఒకటి 'మలకోయ్', రెండవది 'అర్సెనొకొయ్‌తాయ్'. తగవంతా ఈ రెండు మాటల మీదే.

'మలకోస్' అంటే మెత్తన. మత్తయి సువార్తలో బాప్తిస్మమిచ్చు యోహాను గురించి యేసు మాట్లాడుతూ రాజగృహాలలో ఉండేవారి మెత్తని బట్టల సంగతి ఎత్తినప్పుడు వాడిన మాట ఇదే. మన తెలుగు బైబిలులో అవి 'సన్నపు బట్టలు' అయినాయి. మనుషుల విషయంలో చెబితే ఆ రోజుల్లో సుఖాలు మరిగినవాడు, ధైర్యం లేనివాడు, నిగ్రహం లేనివాడు అని రకరకాల అర్థాలుండేవి. రెండవ మాట పౌలుకు ముందు ఎక్కడా కనబడదు. 'పురుషుడు', 'పడక' అనే రెండు ముక్కలు కలిపి చేసిన మాట. గ్రీకు లేవీయకాండంలో ఆ రెండు ముక్కలూ ఉన్నాయి కాబట్టి పౌలు అక్కడినుంచే తీసుకున్నాడని కొందరు పండితులంటారు. డబ్బుకో, బలవంతానికో మగపిల్లలను వాడుకునే వారిని ఉద్దేశించినదని మరికొందరంటారు. ఇప్పటికీ ఆ చర్చ ముగియలేదు.

అనువాదాల చరిత్ర చూస్తే మరీ విచిత్రం. 16వ శతాబ్దంలో మార్టిన్ లూథర్ తన జర్మన్ అనువాదంలో రెండవ మాటకు 'మగపిల్లలను చెరిచేవారు' అనే అర్థం వచ్చే పదం పెట్టాడు. 1611 నాటి ఇంగ్లీషు కింగ్ జేమ్స్ బైబిలు రెండు మాటలకూ వేరువేరు పదాలు పెట్టింది. 1946లో అమెరికాలో వెలువడిన రివైజ్డ్ స్టాండర్డ్ వెర్షన్ కొత్త నిబంధన ఈ రెండింటినీ కలిపేసి ఒకే పదం చేసింది: 'హోమోసెక్సువల్స్'. బైబిలు ఇంగ్లీషు అనువాదాలలో ఈ పదం కనబడడం అదే మొదలు. అసలు ఆ పదమే జర్మన్ భాషలో 1869లో అచ్చయిన ఒక కరపత్రంలో కెర్ట్‌బెనీ అనే రచయిత చేతుల మీదుగా లోకంలోకి వచ్చింది. పౌలు చనిపోయిన 1800 ఏళ్లకు పుట్టిన మాట పౌలు నోట్లోకి వెళ్లిందన్నమాట!

ఇక్కడ విద్యార్థులమైన మనకు నచ్చే సంగతి ఒకటి ఉంది. 1959లో కెనడాకు చెందిన ఒక వేదాంత విద్యార్థి ఆ అనువాద సంఘం అధ్యక్షుడైన లూథర్ వైగిల్‌కు ఉత్తరం వ్రాశాడు. ఈ అనువాదం సరికాదనీ, అమాయకుల మీద దీన్ని ఆయుధంగా వాడే ప్రమాదం ఉందనీ అందులో హెచ్చరించాడు. వైగిల్ ఆ ఉత్తరాన్ని బుట్టదాఖలు చేయలేదు. జవాబిచ్చాడు, ఆలోచించాడు. 1971 ముద్రణలో ఆ పదం మారింది. మార్చిన పదం కూడా మెచ్చుకోదగ్గదేమీ కాదు. కాని అప్పటికే పాతిక సంవత్సరాలు గడిచాయి, పాత పదం ఇతర అనువాదాలలోకి, ప్రసంగాలలోకి, ఇళ్లలోకి పాకిపోయింది. ఒక విద్యార్థి ప్రశ్న మహా పండితులను కదిలించింది, నిజమే. కాని అచ్చులో పడిన మాటను వెనక్కు తీసుకోవడం ఎంత కష్టమో కూడా ఇది చెబుతున్నది.

'ఆడంగితనం' పాపమా?

మరి మన తెలుగు బైబిలులో ఏముంది? ఇళ్లలో ఎక్కువగా చదివే బైబిలు సొసైటీ వారి పాత అనువాదంలో ఆ మొదటి గ్రీకు మాట 'ఆడంగితనముగలవారు' అయింది. రెండవది 'పురుష సంయోగులు' అయింది. రెండవది ఒక క్రియను చెబుతున్నది. మొదటిదో? నడక, మాట, చేతులు తిప్పే తీరు, ఇవి చెబుతున్నది. 'ఆడంగి' అనే మాట మన ఊళ్లలో ఎవరి మీద పడుతుందో మీకు తెలుసు. స్కూల్లో గొంతు సన్నగా ఉన్న కుర్రవాడి మీద, కబడ్డీకి రాకుండా ముగ్గులు చూస్తూ నిలబడ్డవాడి మీద, అమ్మ పక్కన కూర్చుని పూలు కట్టేవాడి మీద. ఆ కుర్రవాడు ఎవరినీ ముట్టుకోలేదు, ఏ తప్పూ చేయలేదు. అయినా వీధిలో తిట్టు, గుడిలో వచనం ఒకటే అయిపోయి, రెండూ అతని మీదే పడుతున్నాయి.

నాకు ఒక మిత్రుడున్నాడు. మంచి గొంతు. క్వయిర్‌లో అతను ఎత్తుకుంటేనే పాట నిలబడేది. ఒక ఆదివారం బోధకుడు ఈ వచనం చదివి, ఆడంగితనం అన్న మాట దగ్గర ఆగి, క్వయిర్ వైపు చూసి చిన్నగా నవ్వాడు. సంఘం కూడా నవ్వింది. ఆ తరువాత అతను పాడలేదు. కొన్నాళ్లకు రావడమే మానేశాడు. "దేవుడి మీద కోపం లేదురా, ఆ నవ్వు మాత్రం చెవుల్లోంచి పోవడం లేదు" అన్నాడు నాతో.

ఆ రోజు చదివిన వచనంలోనే ఇంకా ఎవరెవరున్నారో చూడండి. లోభులున్నారు, త్రాగుబోతులున్నారు, దూషకులు కూడా ఉన్నారు. దూషకులంటే ఇతరులను నోటితో హింసించేవారు. ఆ వచనాన్ని తిట్టుగా వాడినవాడు తన పేరు కూడా అదే జాబితాలో ఉందని గమనించడు. ఆ అధ్యాయం ఎందుకు మొదలైందో కూడా గమనించడు. విశ్వాసులు ఒకరి మీద ఒకరు కోర్టుకెక్కడం సిగ్గుచేటని చెప్పడానికి పౌలు ఆ అధ్యాయం మొదలుపెట్టాడు. మన సంఘాల ఆస్తి తగాదాలు కోర్టుల్లో ఏళ్ల తరబడి నడుస్తున్న ఈ రోజుల్లో 6వ అధ్యాయంలో మొదటి ఎనిమిది వచనాలు వదిలి తొమ్మిదో వచనం దగ్గర పుస్తకం తెరవడం ఎంత తెలివైన పని!

ఇంకొక చోటు రోమీయులకు వ్రాసిన పత్రిక మొదటి అధ్యాయం. నిజం చెప్పాలంటే సంప్రదాయవాదులకు అన్నిటికంటే బలమైన ఆధారం ఇదే. విగ్రహారాధనలో పడి, కామంతో మండి, స్వభావానికి విరుద్ధంగా నడిచిన వారి గురించి పౌలు అక్కడ తీవ్రంగా వ్రాశాడు. స్త్రీ పురుషులుగా దేవుడు మనుషులను సృష్టించాడన్న ఆదికాండం మాటతో కలిపి దీనిని చదివి, నిజాయితీగా ఆ అభిప్రాయం కలిగి ఉన్నవారున్నారు. వారందరినీ దుర్మార్గులనడం నా ఉద్దేశం కాదు. కాని రెండు సంగతులు చెప్పాలి. 'స్వభావ విరుద్ధం' అన్న ఆ గ్రీకు మాటలనే పౌలు అదే పత్రిక 11వ అధ్యాయంలో దేవుడు చేసిన పనికి వాడాడు. అడవి ఒలీవ కొమ్మను మంచి చెట్టుకు అంటుకట్టినట్లు అన్యజనులను చేర్చుకున్నాడని అక్కడి భావం. రెండవది, మొదటి అధ్యాయంలో పాపాల జాబితా అయిపోగానే రెండవ అధ్యాయం మొదటి వచనంలో పౌలు చదివేవాడి వైపు తిరుగుతాడు. ఇతరులకు తీర్పు తీర్చే నీకు కూడా తప్పించుకునే దారి లేదంటాడు. అధ్యాయాల అంకెలు పౌలు పెట్టినవి కావు, తరువాత శతాబ్దాల్లో వచ్చినవి. ఆయన ఉత్తరంలో ఆ దెబ్బ, ఈ దెబ్బ ఒకే ఊపులో పడతాయి. మనం మొదటి దెబ్బ పక్కవాడికిచ్చి, రెండవ దెబ్బ దగ్గర పుస్తకం మూస్తున్నాం.

వచనం చట్టమైంది

ఇదంతా గుడిలోపలి గొడవ కదా అనుకోవద్దు. లేవీయకాండపు 'హేయం' 1533లో ఎనిమిదో హెన్రీ కాలంలో ఇంగ్లండు పార్లమెంటు చేసిన చట్టంలోకి వచ్చింది. శిక్ష ఉరి. ఆ సంప్రదాయమే మెకాలే చిత్తు వ్రాసిన భారత శిక్షాస్మృతిలోకి 377వ సెక్షనుగా ఎక్కి, 1862 నుంచి బ్రిటిష్ ఇండియాలో అమలైంది. 'ప్రకృతి విరుద్ధం' అన్న పదం అందులో ఉంది. 2009లో ఢిల్లీ హైకోర్టు పరస్పర అంగీకారం ఉన్న పెద్దవారి విషయంలో అది చెల్లదంది. దాని మీద సుప్రీంకోర్టుకు వెళ్లినవారిలో వివిధ మతాల వారున్నారు, క్రైస్తవ సంస్థలు కూడా ఉన్నాయి. 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. మళ్లీ 2018 సెప్టెంబరు 6న నవతేజ్ సింగ్ జోహార్ కేసులో అయిదుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఆ నేరాన్ని తొలగించారు. 2024 జూలై 1న అమలుకు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షను లేనే లేదు. చట్టం దిగిపోయింది. వచనం పేరుతో పడే దెబ్బ మాత్రం దిగలేదు.

ఆ దెబ్బ ఎంత దూరం పోగలదో తెలియాలంటే అమెరికాలో జరిగిన సంగతి చెప్పాలి. ట్రాయ్ పెర్రీ అనే పెంతెకొస్తు బోధకుణ్ణి అతను స్వలింగ ప్రేమికుడని సంఘం వెళ్లగొట్టింది. చావబోయి బతికిన అతను 1968 అక్టోబరు 6న కాలిఫోర్నియాలో తన ఇంట్లోనే ఆరాధన పెట్టాడు. వచ్చినవారు పన్నెండుమంది. అదే మెట్రోపాలిటన్ కమ్యూనిటీ చర్చి. 1973 జూన్ 24న న్యూ ఓర్లీన్స్ నగరంలో ఒక మేడ మీది బారులో ఈ సంఘం వారు, వారి స్నేహితులు కూడి ఉండగా ఎవరో నిప్పు పెట్టారు. 32 మంది చనిపోయారు. సంఘ పాస్టరు కిటికీ ఊచల మధ్య కాలిపోయాడు. నిప్పు పెట్టింది చర్చి కాదు. కాని తరువాత జరిగింది వినండి. చనిపోయినవారికి ప్రార్థన చేయడానికి చాలా చర్చీలు తలుపు తీయలేదు. చిన్న ప్రార్థన జరిపిన ఒక ఎపిస్కోపల్ గురువుకు బిషప్ నుంచి చీవాట్లు అందాయి. చివరికి ఒక మెథడిస్టు చర్చి స్థలం ఇచ్చింది. శవానికి ప్రార్థన కూడా దొరకకుండా చేయగలిగిందంటే ఆ ఆరేడు వచనాల వాడకం ఏ స్థితికి చేరిందో ఆలోచించండి.

'స్వస్థత' పేరుతో జరిగే హింస ఇంకొకటి. ప్రార్థనతో మార్చేస్తామని 1976లో అమెరికాలో ఎక్సోడస్ ఇంటర్నేషనల్ అనే సంస్థ పుట్టింది. 2013లో దాని అధ్యక్షుడు ఆలన్ చేంబర్స్ బాధపడినవారికి బహిరంగంగా క్షమాపణ చెప్పి సంస్థను మూసివేశాడు. మన దేశంలో 2021 జూన్‌లో మద్రాసు హైకోర్టు ఇటువంటి 'మార్పు చికిత్స'లను నిషేధించమంది. 2022లో జాతీయ వైద్య కమిషన్ అది వైద్యుల వృత్తి దుష్ప్రవర్తన అని ప్రకటించింది. డాక్టరు చేయకూడదన్న పనిని దయ్యం వదిలిస్తామంటూ ఉపవాస కూడికల్లో చేయడం ఎట్లా న్యాయం?

అదే పత్రిక, మొదటి అధ్యాయం

ఇప్పుడు మన ఒంగోలుకు వద్దాం. తెలుగు క్రైస్తవుల్లో చాలామంది ముత్తాతలు ఎవరో మనకు తెలుసు. ఊరి బయట ఉంచబడినవారు, ముట్టుకోరాదన్నవారు. వారిని బయట ఉంచినవారు కూడా శాస్త్రం చూపించే ఉంచారు.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ దొర 1866లో ఒంగోలు చేరాడు. పై కులాలవారు మొదట అతనికి సాయంగానే ఉన్నారు, పిల్లలను బడికి పంపారు. మాదిగలు విశ్వాసులై రావడం మొదలయ్యేసరికి, వారిని చేర్చుకుంటే మేం ఉండమన్నారు. క్లౌకు ఏం చేయాలో తోచలేదు. గదిలోకి పోయి కొత్త నిబంధన తెరిస్తే ఒక చోటు కళ్లబడింది. లోకంలో నీచులైనవారిని, తృణీకరించబడినవారిని దేవుడు ఏర్పరచుకున్నాడని చెప్పే భాగం అది. వేరే గదిలో ఉన్న అతని భార్య కూడా అదే చోటు తెరిచిందట. 1914లో వెలువడిన అతని జీవితకథలో ఈ సంగతి ఉంది. మాదిగలను చేర్చుకున్నాడు, పై కులాలవారు వెళ్లిపోయారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నీళ్లలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఆయన తెరిచిన చోటు ఏదో తెలుసా? కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక, మొదటి అధ్యాయం, 26 నుంచి 29 వచనాలు. ఏ పత్రికలోని 6వ అధ్యాయంతో ఇవాళ మనం పిల్లలను బయటికి నెడుతున్నామో, అదే పత్రిక మొదటి అధ్యాయం మన తాతలను లోపలికి తెచ్చింది!

క్లౌ వచ్చిన అమెరికాలో బాప్టిస్టులు 1845లో బానిసత్వం మీదే రెండుగా చీలిపోయారు. దక్షిణాదివారికి కూడా వచనాలకు కొదవ లేదు. దాసులారా లోబడండి అన్న మాట పౌలు పత్రికల్లో నిజంగానే ఉంది. ఆ సదరన్ బాప్టిస్టు సమ్మేళనమే 150 సంవత్సరాల తరువాత, 1995లో, బానిసత్వాన్ని సమర్థించినందుకు క్షమాపణ తీర్మానం చేసింది. మధ్యలో బైబిలు మారలేదు. చదివే కళ్లు మారాయి.

చదివే కళ్లు మారడం బైబిలు లోపల కూడా జరిగింది. వృషణాలు నలిగినవాడు దేవుని సమాజంలో చేరకూడదని ద్వితీయోపదేశకాండం 23వ అధ్యాయం అంటుంది. యెషయా 56వ అధ్యాయంలో దేవుడు అటువంటివారికే తన ఇంట్లో కొడుకులూ కూతుళ్లకంటే శ్రేష్ఠమైన పేరు ఇస్తానంటాడు. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో ఐతియొపీయుడైన నపుంసకుడు దారిలో నీళ్లు చూసి, నాకు బాప్తిస్మం ఇవ్వడానికి అడ్డేమిటని అడుగుతాడు. ధర్మశాస్త్రం ఎరిగిన ఫిలిప్పు అడ్డు చెప్పవచ్చు. చెప్పలేదు. రథం దిగి నీళ్లలోకి నడిచాడు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తి గుడి మెట్ల దగ్గర నిలబడి ఇవాళ అడుగుతున్నది కూడా ఆ ప్రశ్నే.

ప్రపంచంలో చర్చీలన్నీ ఒకే మాట మీద లేవు. అమెరికాలోని యునైటెడ్ మెథడిస్టు చర్చి 1972లో పెట్టిన ఖండన వాక్యాన్ని 2024లో తీసివేసింది. కతోలిక సభ తన వివాహ సిద్ధాంతాన్ని మార్చుకోలేదు, అయినా అన్యాయమైన వివక్ష చూపరాదని తన ఉపదేశ గ్రంథంలోనే వ్రాసుకుంది. ఒక సంఘం వివాహం గురించి ఏ సిద్ధాంతం కలిగి ఉండాలో ఈ నాలుగు పేజీల్లో నేను తేల్చలేను. కాని సిద్ధాంతం వేరు, దెబ్బ వేరు. వచనాన్ని దాని చోటునుంచి కోసి తీయడం, పక్క వచనాన్ని మనకోసం దాచుకోవడం, క్రియను గురించి చెప్పిన మాటను మనిషికి అంటగట్టడం, ఈ మూడూ దుర్వినియోగమే. వీటికి ఏ సిద్ధాంతమూ సాకు కాదు.

మిత్రులారా, మన హాస్టళ్లలో, క్లాసుల్లో, క్వయిర్‌లో అటువంటివారు ఉన్నారు. చెప్పుకోకపోవచ్చు. ఎవరైనా వచనం ఎత్తి ఎగతాళి చేస్తుంటే పెద్ద వాదన అక్కరలేదు. "అధ్యాయం మొదటినుంచి చదవండి సార్" అని మర్యాదగా అడగండి చాలు. ఎవరైనా మీ దగ్గరికి వచ్చి తన సంగతి చెప్పుకుంటే, వచనం కోసం వెతకకండి. కుర్చీ జరపండి, టీ చెప్పండి, పూర్తిగా వినండి. కొడుకు రొట్టె అడిగితే రాయి ఇచ్చే తండ్రి ఉంటాడా అని యేసు కొండమీద అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు మన చేతుల్లో ఉంది.